మళ్లీ కొనని అమ్మకం: సెంగ్‌కాంగ్ చెప్పే చరిత్ర

సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్ పట్టణంలో హెచ్‌డీబీ ఫ్లాటు అమ్మిన కుటుంబం, కొన్నవాళ్లు సరేనంటే, అమ్మకం పూర్తయ్యాక కూడా మూడు నెలల దాకా ఆ ఇంట్లోనే ఉండవచ్చు. కొత్త ఇల్లు చేతికొచ్చేలోగా సామానుతో సహా వీధిన పడకుండా సింగపూర్ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఇచ్చిన వెసులుబాటు ఇది. దీనికో షరతుంది. అమ్మినవాళ్లు సింగపూర్‌లోనే, కట్టడం పూర్తయిన మరో ఇల్లు కొనడానికి అప్పటికే ఒప్పందం చేసుకుని ఉండాలి. మళ్లీ కొనే ఆలోచన లేకుండా అమ్మినవాళ్లకు ఆ మూడు నెలలు వర్తించవు. సొమ్ము అందిన రోజే తాళాలు అప్పగించి బయటికి నడవాలి. ఈ షరతు ఎవరినీ నొప్పించాలని పెట్టింది కాదు. అయినా ఇల్లు అమ్మే మనిషిని అక్కడి నిబంధనలు ఎలా ఊహించుకున్నాయో ఇది చెబుతుంది: అమ్మేవాడంటే ఇంకోటి కొనేవాడే. ఆ ఊహ మొదటినుంచీ ఉన్నది కాదు. 1971లో సింగపూర్ ప్రభుత్వ ఫ్లాట్ల అమ్మకాన్ని అనుమతించినప్పుడు నిబంధనల కళ్లముందున్నది అమ్మి వెళ్లిపోయే మనిషే. తరవాతి యాభై ఏళ్లలో ఆ మనిషి వెనక్కి జరిగాడు, అమ్మి కొనేవాడు ముందుకొచ్చాడు. అదే కాలంలో అమ్మకందారు తరఫు న్యాయవాది పని కూడా మారింది. ఒకప్పుడు ఆ పని ఇల్లు ఎవరిదో రుజువు చేయడం, ఇప్పుడు ఇంటి సొమ్ము ఎవరెవరికి ఏ వరసలో చేరాలో తేల్చడం. ఈ రెండు మార్పులూ కలిసిన చోట, అమ్మి ఊరుకునే అమ్మకమే అన్నిటికన్నా తేలిక అన్న మాట నిలవదు. అలాంటి అమ్మకందారుకే న్యాయ సహాయం ఎక్కువ అవసరం.

న్యాయవాది పాత పని తెలుగువాళ్లకు బాగా తెలిసినదే. మన దగ్గర స్థలం కొనేవాళ్లు ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఈసీ తీయిస్తారు, ముప్ఫై ఏళ్ల వెనక్కి వెళ్లి ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చూసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప, హక్కుకు హామీ ఇవ్వదు. అందుకే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ దస్తావేజు లేఖరులూ వకీళ్లూ ఇంతమంది. సింగపూర్ కూడా ఈ దారినే మొదలైంది. 1826 నాటి రెండో న్యాయ చార్టరుతో అక్కడికి ఇంగ్లీషు చట్టం చేరింది. 1886లో స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ ప్రభుత్వం దస్తావేజుల నమోదుకు ఒకటి, ఆస్తి బదిలీకి ఒకటి చొప్పున ఆర్డినెన్సులు తెచ్చింది. ఆ రోజుల్లో అమ్మకందారు న్యాయవాది చేతిలో కాగితాల కట్ట ఉండేది. ఆ గొలుసులో ఒక్క దస్తావేజు తప్పిపోయినా బేరం ఆగేది. 1956లో సింగపూర్ టోరెన్స్ పద్ధతికి చట్టం చేసుకుంది, 1960 నుంచి అమలు మొదలుపెట్టింది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన ఈ పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న పేరే హక్కు, దాని వెనక్కి వెళ్లి తవ్వాల్సిన పని లేదు. ఆంధ్రప్రదేశ్ ఇలాంటి హామీ కోసమే 2022లో భూమి హక్కుల చట్టం చేసి, 2024లో ఎన్నికల వేడి చల్లారకముందే దాన్ని రద్దు చేసుకుంది. హక్కుకు ప్రభుత్వం పూచీ అంటే మన దగ్గర భయం పుట్టింది. సింగపూర్‌లో అదే పూచీ న్యాయవాది బల్లమీది కాగితాల కట్టను మెల్లగా పలచన చేసింది.

సెంగ్‌కాంగ్ నేలకు వచ్చేసరికి ఆ కట్ట పూర్తిగా మాయమైంది. అయితే అక్కడ దాన్ని మాయం చేసింది టోరెన్స్ ఒక్కడే కాదు, భూసేకరణ కూడా. ఇప్పుడు రివర్‌వేల్, కంపాస్‌వేల్, యాంకర్‌వేల్, ఫెర్న్‌వేల్ అని నాలుగు పేటలుగా ఎత్తైన ఫ్లాట్లు లేచిన చోట ఒకప్పుడు రబ్బరు తోటలు, కోళ్ల ఫారాలు, పందుల దొడ్లు ఉండేవి. సెరంగూన్ ఏటి ఒడ్డున కాంగ్‌కార్ అనే బెస్తపల్లె ఉండేది, అక్కడివాళ్లలో ఎక్కువమంది తియోచ్యూ చీనీయులు. ఆ చేపల పల్లె గుర్తుగానే కొత్త పట్టణానికి నావికుల ఊరన్న రూపు దిద్దారు, పేటల పేర్లలో దిక్సూచినీ లంగరునూ పెట్టారు. పల్లెలు మాత్రం 1980ల్లో ఖాళీ అయ్యాయి. ప్రైవేటు భూములను రాజ్యం తీసుకోవడానికి సాధనం 1966 నాటి భూసేకరణ చట్టం. 1973లో చేసిన సవరణ నష్టపరిహారాన్ని ఆ ఏడాది నవంబరు 30 నాటి ధర దగ్గర బిగించేసింది. సేకరణ నాటి ధర అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ ధరే. 1987లో మాత్రమే ఆ తేదీ 1986 జనవరి 1కి జరిగింది. సేకరణ నాటి మార్కెట్ ధరే ఇవ్వాలన్న నిబంధన రావడానికి 2007 దాకా పట్టింది. అంటే 1980ల మొదట్లో భూమి పోగొట్టుకున్న యజమానికి అందింది పదేళ్ల పాత ధర. ఆ డబ్బుతో అంతే భూమి ఇంకోచోట కొనడం కుదిరే పని కాదు. సింగపూర్ ఆధునిక చరిత్రలో మళ్లీ కొనలేని అమ్మకందారు తొలి రూపం ఇదే, అదీ బలవంతపు అమ్మకందారు. అతడి తరఫు న్యాయవాది అప్పీళ్ల బోర్డు ముందు వాదించినది హక్కు గురించి కాదు, మొత్తం గురించి. భూమి లేని కౌలుదారులూ ఖాళీ నేలమీద గుడిసె వేసుకున్నవాళ్లూ ఆ మాత్రం వాదనకు కూడా నోచుకోలేదు. వాళ్లకు దక్కింది పునరావాసపు లెక్కే. వాదన హక్కునుంచి డబ్బుకు జరగడం సెంగ్‌కాంగ్‌లో మొదటి ఫ్లాటు లేవకముందే మొదలైంది.

ఫ్లాట్ల కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1960లో పుట్టిన హెచ్‌డీబీ 1964లో సొంతింటి పథకం పెట్టింది. 1968 నుంచి భవిష్యనిధి సీపీఎఫ్‌లో ఉన్న సొమ్ముతో ఇల్లు కొనుక్కోవచ్చన్నారు. మొదట్లో ఈ ఇళ్లకు బజారు లేదు. యజమాని వెళ్లిపోవాలనుకుంటే ఫ్లాటును హెచ్‌డీబీకే తిరిగి ఇవ్వాలి. తాను కొన్న ధర, చేయించిన మరమ్మతులకు తరుగు పోను మిగిలిన విలువ, అంతే అతడికొచ్చేది. 1971లో ఆ తలుపు తెరిచారు. మూడేళ్లు కాపురమున్న యజమాని, అర్హత ఉన్న ఎవరికైనా మార్కెట్ ధరకు అమ్ముకోవచ్చన్నారు. దానితోపాటే ఒక అడ్డు పెట్టారు: అమ్మినవాళ్లు ఏడాదిపాటు ప్రభుత్వ ఇంటికి దరఖాస్తు చేయకూడదు. 1973లో కాపురపు గడువు ఐదేళ్లయింది. 1975లో నిషేధం రెండున్నరేళ్లయింది. ఈ నిబంధనలను మామూలుగా లాభాపేక్షకు కళ్లెంగా చెబుతారు. అది నిజమే, కానీ వాటి ఆకారం గమనించాలి. అమ్మదలచినవాడికి రాజ్యం ఇచ్చిన అనుమతి నిజానికి ఒక్క రకపు అమ్మకానికే: అమ్ము, కొంతకాలం మా గుమ్మం తొక్కకు. బంధువుల ఇంటికో, అద్దె గదికో, ప్రైవేటు ఇంటికో, విదేశానికో పోయేవాడు చట్టానికి సహజమైన అమ్మకందారు. పెద్ద ఫ్లాటుకు మారదామనుకునే సంసారి అసహజమైనవాడు. ఇవాళ్టి షరతు సరిగ్గా దీనికి తలకిందులు.

తలకిందులైన సంవత్సరం 1979. ఆ ఏడాది నిషేధాన్ని ఎత్తేసి, అమ్మిన ధరమీద 5 శాతం లెవీ పెట్టారు. 1982లో ఫ్లాటు పరిమాణాన్నిబట్టి లెవీ అంచెలు వచ్చాయి. అంతకుముందు కాలాన్ని దండుగగా వసూలు చేసిన చోట ఇప్పుడు డబ్బును వసూలు చేయడం మొదలుపెట్టారు. చూడటానికి చిన్న మార్పు. దాని ఫలితం మాత్రం ఒక నిచ్చెన. మూడు గదుల ఫ్లాటు అమ్మి నాలుగు గదులది, నాలుగు గదులది అమ్మి ఐదు గదులది కొనే దారి తెరుచుకుంది. 1989లో శాశ్వత నివాసులకు పాత ఫ్లాట్లు కొనే అర్హత ఇవ్వడంతో బజారు ఇంకా వెడల్పయింది. 1990ల చివర్లో కాపురాలు మొదలైన సెంగ్‌కాంగ్ ఈ నిచ్చెన కాలంలో పుట్టిన ఊరు. 2003లో లైట్ రైలూ ఈశాన్య మెట్రో లైనూ వచ్చాక నిచ్చెనమీద ఒక మెట్టుగా దాని విలువ పెరిగింది. పరిపాలన కూడా ఈ కదలికకు తగ్గట్టే సర్దుకుంది. పాత ఫ్లాటు సొమ్మును నేరుగా కొత్త ఫ్లాటు ఖాతాలోకి మళ్లించే కాంట్రా సదుపాయం వచ్చింది. ఇల్లు అమ్మి మూడు గదుల ఫ్లాటో అంతకన్నా చిన్నదో కొనే వృద్ధులకు 2013 నుంచి సిల్వర్ హౌసింగ్ బోనస్ వచ్చింది. 2006 మార్చిలో లెవీని 15,000 నుంచి 50,000 డాలర్ల దాకా స్థిరమైన మొత్తాలుగా మార్చి, రెండోసారి రాయితీ ఫ్లాటు కొన్నప్పుడే కట్టమన్నారు. లెవీలో వచ్చిన ఈ మార్పు మళ్లీ కొననివాళ్లకు మేలే చేసింది, వాళ్లకిక లెవీ లేదు. కానీ అదే మార్పు వాళ్లను లెక్కలోంచి కూడా తీసేసింది. వసూలు చేయాల్సింది ఏమీ లేని మనిషి కోసం నిబంధనలు రాసేవాళ్లు ఎక్కువసేపు ఆగరు.

ఇదే కాలంలో న్యాయవాది బల్లమీదికి కొత్త కాగితాలు వచ్చాయి. సెంగ్‌కాంగ్ ఫ్లాటు హక్కులో చిక్కుముడి లేదు. నేల రాజ్యానిది, లీజు 99 ఏళ్లు, ఇచ్చినది ఒకే సంస్థ. చిక్కు అమ్మిన సొమ్ము నడకలో ఉంది. ముందు తనఖా అప్పు తీరాలి. తరవాత సీపీఎఫ్‌లోంచి ఇంటికోసం వాడుకున్న అసలు, దానిమీద ఇన్నేళ్లకు రావాల్సిన వడ్డీ, రెండూ ఆ నిధికే తిరిగి వెళ్లాలి. ఈ వడ్డీ చాలామందికి అమ్మేనాటిదాకా కనబడదు. ఇరవై ఏళ్ల కింద లక్ష డాలర్లు వాడుకున్న మనిషి ఏడాదికి 2.5 శాతం చొప్పున సుమారు 1,63,900 డాలర్లు తిరిగి జమ చేయాలి. అది పోగొట్టుకున్న సొమ్ము కాదు, అతడి ఖాతాలోకే పోతుంది. కానీ నేరుగా చేతికి రాదు. మళ్లీ ఇల్లు కొనేవాడికి ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే ఖాతాలోకి వెళ్లిన సొమ్మును తన వయసూ కొత్త ఇంటి లీజూ ఒప్పుకున్నంత మేర మళ్లీ ఇంటికే వాడతాడు. మళ్లీ కొననివాడికి మాత్రం ఖాతాలో ఉన్న డబ్బుకూ చేతిలో ఉన్న డబ్బుకూ మధ్య తేడా అద్దె కట్టగలగడానికీ కట్టలేకపోవడానికీ మధ్య తేడా. సొమ్ము నడక ఎంత ముఖ్యమైందో న్యాయవాద వృత్తి నియమాలే చెబుతాయి. 2006లో ఒక న్యాయవాది కోటికి పైగా డాలర్ల క్లయింట్ల సొమ్ముతో దేశం దాటిపోయాడు, అందులో ఇంటి కొనుగోలు డబ్బు కూడా ఉంది. ఆ తరవాత వచ్చిన ఆలోచనలు 2011 ఆగస్టు 1న నియమాలయ్యాయి. ఆస్తి బదిలీ సొమ్మును న్యాయవాది తన మామూలు క్లయింట్ ఖాతాలో ఉంచుకోవడానికి వీల్లేదు. ప్రత్యేక బ్యాంకు ఖాతాలోనో సింగపూర్ అకాడమీ ఆఫ్ లా దగ్గరో ఉంచాలి. బయటికి తీయాలంటే రెండు పక్షాల న్యాయవాదులూ సంతకం చేయాలి. 1886లో చట్టం కాపాడాలనుకున్నది దస్తావేజును. 2011లో కాపాడాలనుకున్నది సొమ్మును.

ఇక ఈ సొమ్ము దారిలో నిలబడే మనుషులెవరో చూస్తే వాదన ఇంకా గట్టిపడుతుంది. మళ్లీ కొనకుండా అమ్మడం ఎక్కువగా సంతోషంగా తీసుకునే నిర్ణయం కాదు. విడాకుల్లో కోర్టు ఇంటిని అమ్మి పంచమంటుంది. 1961 నాటి విమెన్స్ చార్టర్ కింద జరిగే ఆ పంపకంలో ఇద్దరి సీపీఎఫ్ వాటాలూ వేరువేరుగా తేలాలి. యజమాని పోతే, ఉమ్మడి హక్కుగా రాసుకున్నారా వాటాలుగా రాసుకున్నారా అన్నదాన్నిబట్టి ఇల్లు బతికున్నవాళ్లకు చేరడమా, వారసత్వ పత్రంకోసం కోర్టుకు వెళ్లడమా అన్నది ఉంటుంది. మతిమరుపు జబ్బు ముదిరిన తండ్రి సంతకం చెల్లదు. ఆయన ముందుగానే అధికార పత్రం రాసి ఉంటే సరి, లేకపోతే పిల్లలు కోర్టునుంచి ప్రతినిధి హోదా తెచ్చుకోవాలి. ఇంకో వర్గం తిరిగి వెళ్లిపోయేవాళ్లు. 1990ల తరవాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో సింగపూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో శాశ్వత నివాస హోదాతో హెచ్‌డీబీ ఇల్లు కొన్నవాళ్లున్నారు. యజమానులంతా ఆ హోదా వదులుకుంటే ఇల్లు ఉంచుకునే అర్హత కూడా పోతుంది. సీపీఎఫ్ సొమ్ము చేతికి రావాలంటే ఆ హోదా వదులుకుని దేశం విడవాలి. ఏది ముందు, ఏది తరవాత అన్న వరస తప్పితే హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని సింగపూర్ కాగితాలమీద సంతకాలకోసం పవర్ ఆఫ్ అటార్నీ పంపుకోవాల్సి వస్తుంది. పైగా 1989 నుంచి ఉన్న జాతుల సమతుల నియమం ఉంది. ఒక బ్లాకులో చీనీయుల వాటా నిండితే, భారతీయ యజమాని ఆ వర్గానికి అమ్మలేడు. కొనేవాళ్లు ఎక్కువగా ఉన్న వర్గమే జాబితాలోంచి పోతుంది. 2010లో వచ్చిన శాశ్వత నివాసుల కోటా ఇంకో వడపోత. ఇంకో ఇల్లు చూసుకున్నవాడు దానికోసం తొందరపడతాడు నిజమే, కానీ అతడు ఆగి ఇంకో ఏడాది చూడగలడు. టికెట్టు కొనుక్కున్నవాడు ఆగలేడు.

దీనికి మొదటి అభ్యంతరం వృత్తిలోంచే వస్తుంది. అమ్మడం ఒక్కటే అయితే పని సగమే కదా అంటారు. రెండు లావాదేవీలను ఒకే రోజుకు కుదర్చాల్సిన పని లేదు, కొత్త ఇంటి రుణం ఆలస్యమై పాత ఇంటి బేరం చెడే ప్రమాదం లేదు, కొనేవాళ్లు చేసే వెతుకులాటలు లేవు. కాగితాల పరంగా ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. న్యాయవాది చేసే సంతకాలూ దాఖళ్లూ నిజంగానే తక్కువ. కానీ ఆ మాట న్యాయ సహాయాన్ని కాగితాల సంఖ్యతో కొలుస్తుంది. తప్పు జరిగితే ఏమవుతుందన్న కొలతతో చూస్తే లెక్క మారుతుంది. అమ్మి కొనేవాడి లెక్కలో పదివేలు తేడా వస్తే కొత్త ఇంటి అప్పు ఆ మేరకు పెరుగుతుంది, ఇరవై ఏళ్ల వాయిదాల్లో అది సర్దుకుంటుంది. అమ్మి ఊరుకున్నవాడి లెక్కలో అదే తేడా వస్తే సర్దడానికి ముందు ఇంకే లావాదేవీ లేదు. అతడి జీవితంలో అతి పెద్ద ఆస్తి ఒక్కసారే డబ్బుగా మారుతుంది, ఆ డబ్బే అద్దెకూ వైద్యానికీ వృద్ధాప్యానికీ ఆధారం. సంతకాలు తక్కువే, ఒక్కొక్క సంతకం బరువు ఎక్కువ. హక్కుల యుగంలో కూడా ఇంతే. దస్తావేజులు తక్కువున్న ఆస్తి తేలికైన ఆస్తి అని ఏ వకీలూ అనలేదు. ఆ ఉన్న ఒక్క దస్తావేజులో లోపముంటే గొలుసంతా పోయేదని వాళ్లకు తెలుసు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇవాళ ఇదంతా రాజ్యమే చేసిపెడుతుందన్నది దాని సారం. 2018 జనవరి 1న వచ్చిన హెచ్‌డీబీ రీసేల్ పోర్టల్ పదహారు వారాల దాకా పట్టే పనిని ఎనిమిది వారాలకు దించింది. కొనేవాళ్లకు అమ్మకందారు రాసిచ్చే ఆప్షన్ పత్రం నమూనా నిర్ణయమై ఉంది, ఆప్షన్ రుసుముతో కలిపి కొనేవాళ్లు ముందుగా ఇచ్చేది 5,000 డాలర్లు దాటదు, ఆలోచించుకోవడానికి 21 రోజులు. సొంత న్యాయవాది లేనివాళ్లకు తక్కువ ఖర్చులో హెచ్‌డీబీ న్యాయ విభాగం బదిలీ పని చూస్తుంది. సీపీఎఫ్‌కు ఎంత తిరిగి వెళ్లాలో ఫోనులోనే కనబడుతుంది. ఇవన్నీ నిజమైన సౌకర్యాలు. మన దగ్గర ఒక ఫ్లాటు అమ్మకానికి బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా ఉండే బేరసారాలతో పోలిస్తే ఇది రాజబాట. కానీ పోర్టల్ జవాబిచ్చేది ఎలా అమ్మాలన్న ప్రశ్నకు. ఇప్పుడు అమ్మాలా, అమ్మితే నాకేం మిగులుతుంది, తిరిగి రావాల్సివస్తే నాకు దారి ఉంటుందా అన్న ప్రశ్నలు దాని పరిధిలోవి కావు, బదిలీ పని చేసిపెట్టే గుమాస్తా పరిధిలోవీ కావు. ఇల్లు కదలకుండానే లీజులో చివరి భాగాన్ని తిరిగి హెచ్‌డీబీకి అమ్ముకునే పథకం 2009 నుంచి ఉంది. అమ్మేయడమొక్కటే గతి అనుకుని వచ్చిన వృద్ధుడికి ఆ మాట సంతకానికి ముందు చెప్పడం సలహా అవుతుంది. సంతకం తరవాత చెప్తే సమాచారం మాత్రమే. యంత్రం బదిలీని ఎంత చౌక చేస్తే, న్యాయవాది పనిలో మిగిలే విలువంతా ఆ ముందుమాటలోనే ఉంటుంది.

మూడో అభ్యంతరం విధానానిది. రాయితీ నేలమీద కట్టిన ఇల్లు ఉండటానికే గానీ డబ్బు చేసుకోవడానికి కాదు, కాబట్టి ఇంటినుంచి ఇంటికి పోయేవాళ్లకు సాయం చేయడం, ఇంటిని సొమ్ము చేసుకుపోయేవాళ్లపట్ల తటస్థంగా ఉండటం న్యాయమే అన్నది ఆ వాదన. ఇది సింగపూర్‌కే ప్రత్యేకం కాదు. మన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 54వ సెక్షన్ కూడా ఇల్లు అమ్మి వచ్చిన లాభాన్ని గడువులోగా మరో ఇంట్లో పెడితేనే పన్ను మినహాయించింది. కొనేందుకైతే రెండేళ్లు, కట్టేందుకైతే మూడేళ్లు. కొననివాడు పన్ను కట్టాలి, లేదా నిర్ణీత బాండ్లలో యాభై లక్షల దాకా పెట్టుకోవాలి. అంటే ఇంటికి ఇల్లే బదులు అన్న భావన రెండు దేశాల్లోనూ ఉంది. విధానంగా దాన్ని తప్పు పట్టాల్సిన అవసరం లేదు. కానీ అమ్మి ఊరుకునేవాణ్ణి వ్యాపారిగా చూడటంలో పొరపాటుంది. వ్యాపారి త్వరగా అమ్మి త్వరగా కొంటాడు, అతడిని పట్టుకోవడానికి 2010లో వచ్చిన అమ్మకందారు స్టాంపు డ్యూటీ ఉంది, 2011లో వచ్చిన అదనపు కొనుగోలు డ్యూటీ ఉంది. విడాకులతో, చావుతో, ముసలితనంతో, దేశం విడవడంతో అమ్మేవాడు ఆ వలలో పడాల్సినవాడు కాదు. పైగా మరచిపోయాయనుకున్న ఈ మనిషిని నిబంధనలు అప్పుడప్పుడూ గుర్తు చేసుకుంటూనే ఉన్నాయి. 2022 సెప్టెంబరు 30 నుంచి ప్రైవేటు ఇల్లు అమ్మినవాళ్లు రాయితీ లేని హెచ్‌డీబీ పాత ఫ్లాటు కొనడానికి పదిహేను నెలలు ఆగాలన్నారు. కొత్త ఫ్లాటుకు దరఖాస్తు చేయాలంటే ముప్ఫై నెలలు. 1975లో పెట్టిన రెండున్నరేళ్లే ఇవి, ఇప్పుడు ఇంకో వర్గంమీద. 55 ఏళ్లు దాటి నాలుగు గదుల ఫ్లాటో చిన్నదో కొనేవాళ్లకు పదిహేను నెలల నియమంనుంచి మినహాయింపు ఉంది, అంటే రాజ్యానికి కూడా ఈ తేడా తెలుసు. సెంగ్‌కాంగ్‌లో ప్రైవేటు కాండో అమ్మి ఆలోచించుకుందామని ఆగినవాడు తన ఎదుట తలుపు కొంతకాలం మూసి ఉందని అమ్మాక తెలుసుకుంటే, ఆ తప్పు విధానానిది కాదు. అమ్మకముందు ఆ మాట చెప్పేవాళ్లు లేకపోవడానిది.

ఈ అవసరం ఇకముందు తగ్గేది కాదు. సెంగ్‌కాంగ్‌లో తొలి ఫ్లాట్ల లీజుల్లో పావు వంతుకు పైగా గడిచిపోయింది. అప్పుడు పిల్లలతో దిగిన దంపతులు ఇప్పుడు పెద్దవాళ్లు, ఆ పిల్లలు వేరే పేటల్లో కాపురాలు పెట్టినవాళ్లు. 2019 మే నుంచి కొనేవాళ్లలో చిన్నవాడికి 95 ఏళ్లు వచ్చేదాకా లీజు మిగిలి ఉంటేనే సీపీఎఫ్ సొమ్మును పూర్తిగా వాడనిస్తున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ ఈ నియమం సెంగ్‌కాంగ్ ఇళ్ల ధరల్లోకి చొరబడుతుంది. నిచ్చెన ఎక్కడానికి కట్టిన ఊరు నిచ్చెన దిగే వయసుకు వస్తోంది. దిగేవాళ్లలో కొందరు చిన్న ఫ్లాటు కొంటారు, వాళ్లకోసం బోనసూ కాంట్రా సదుపాయమూ మూడు నెలల గడువూ సిద్ధంగా ఉన్నాయి. మిగతావాళ్లు పిల్లల ఇంటికి, అద్దె ఇంటికి, వృద్ధాశ్రమానికి, సొంత ఊరికి పోతారు. కాంగ్‌కార్ రోజుల్లో భూమి పోయినవాడి తరఫున ఎంత వస్తుందని అడగడానికి అప్పీళ్ల బోర్డు ఒకటుండేది. ఇవాళ తనంతట తాను అమ్ముకుని పోయేవాడి తరఫున అడిగే చోటంటూ లేదు, ఉండనవసరమూ లేదు, ఎందుకంటే ధర బజారే చెబుతుంది. అడగాల్సింది ధర గురించి కాదు. చేతికి ఎంత, ఖాతాలోకి ఎంత, తాళాలిచ్చిన రాత్రి పడక ఎక్కడ, వెనక్కి రావాలంటే ఎన్ని నెలలు. ఈ నాలుగు ప్రశ్నలకు ఆప్షన్ పత్రంమీద సంతకం పడకముందే జవాబు రాబట్టడమే సెంగ్‌కాంగ్ అమ్మకందారు న్యాయవాదికి చరిత్ర మిగిల్చిన పని.